గుంపు వెళ్ళిపోయాక

ఆ వేసవిలో ఊరందరికీ ఒక్కసారిగా సైకిల్ రేసుల పిచ్చి పట్టుకుంది. నాకు ఎన్నో ఏళ్ళ ముందునుంచే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. ముందు గదిలో షోకులూ, నిలువుటద్దాలూ ఉంటాయి. నాది వెనక గది. డాక్టరు చీటీలో రాసిన నంబరు ప్రకారం అద్దాన్ని అరగదీసి ఫ్రేములో బిగించే పని. ఏటా వేసవిలో ఓ మూడు వారాలు మాత్రం పొద్దుటి వంతు ఇమ్మని యజమానిని అడుగుతాను. ఎందుకని ఆయన ఒక్కసారే అడిగాడు. "మధ్యాహ్నం ఇంట్లో పనుంటుందండీ" అన్నాను. ఆ పని టీవీ చూడటం.

మూడు వారాల రేసు అది. రోజుకో మజిలీ. ఒకరోజు మైదానం, ఒకరోజు కొండ. రోజూ పట్టిన సమయాలన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తుందో వాడు చివరికి గెలిచినట్టు. మా అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు మధ్యాహ్నాలు దాన్ని ఒళ్ళో వేసుకుని, లేస్తుందేమోనని టీవీ గొంతు నొక్కేసి, ఏది వస్తే అది చూసేదాన్ని. అలా దొరికింది నాకీ రేసు. వ్యాఖ్యానం లేకుండా నేర్చుకున్నాను కాబట్టి, ఎవరి భుజాలు బరువెక్కాయో, ఎవరు పైకి నవ్వుతూ లోపల అయిపోయారో చూపుతోనే పట్టేయడం అలవాటైంది. పిల్ల పెరిగి పెద్దదై హాస్టలుకి వెళ్ళింది. అలవాటు మాత్రం నాతోనే ఉండిపోయింది.

మా ఆయనది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. మంచి మనిషి. పక్కన నలుగురు ఉంటేగాని ఆయనకి ముద్ద దిగదు. ఒంటరిగా కూర్చుని ఏ పనీ చెయ్యలేడు, పేపరు చదివినా పైకి చదవాల్సిందే. ఏదో ఒకరోజు నా పక్కన కూర్చుని ఈ రేసు చూస్తాడని మొదట్లో ఆశపడ్డాను. ఒకటి రెండుసార్లు పిలిచాను కూడా. వచ్చి, నిలబడి, "బాగుందోయ్" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పిలవడం మానేశాను. ఆశ ఎప్పుడు మానేశానో నాకే తెలీదు. బహుశా మానలేదేమో.

ఆ ఏడు మొదటి వారంలోనే, పేరూ ఊరూ లేని ఒక మనవాడు, అంటే మన దేశం కుర్రాడు, కొండమీద అందర్నీ వెనక్కి నెట్టి మజిలీ గెలిచాడు. అంతకుముందు మనవాళ్ళెవరూ ఆ రేసులో గెలిచిన పాపాన పోలేదు. మర్నాడు పొద్దున దుకాణానికి వచ్చిన వాళ్ళందరి నోటా అదే మాట. సాయంత్రం మా ఆయన గుమ్మంలోంచే కేక వేశాడు.

"ఏమోయ్, విన్నావా? సైకిల్ రేసులో మనవాడు గెలిచాడట! ఆఫీసంతా అదే గోల."

"చూశాను" అన్నాను.

"చూశావా? ఎక్కడ?"

"ఇక్కడే. మన టీవీలోనే."

చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. "ఓ, నువ్వు మధ్యాహ్నాలు పెట్టుకునేది అదా! నువ్వేదో కొండలూ తోటలూ చూస్తావనుకున్నానే. కళ్ళకి చల్లగా ఉంటుందని."

ఆయన్ని అని లాభం లేదు. హెలికాప్టరులోంచి తీసే రేసు అది; మధ్యమధ్యలో కోటలూ, చెరువులూ, పూలతోటలూ చూపిస్తూనే ఉంటారు. అయినా ఇన్నేళ్ళుగా నేను తోటలు చూస్తున్నానని ఆయన అనుకుంటూ ఉంటే, ఆయన అలా అనుకుంటున్నాడని నాకు తెలియకపోవడం ఏమిటా అనిపించింది.

"రేపటినుంచి సెలవు పెడతా. నేనూ చూస్తా" అన్నాడు.

మర్నాడు దుకాణం నుంచి వస్తూనే నా కుర్చీ పక్కకి ఇంకో కుర్చీ లాగి పెట్టాను. దాని మీద దిండు కూడా వేశాను. నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే.

మా ఆయన వచ్చాడు. వెనకాల వాళ్ళ ఆఫీసు క్యాషియరు, పక్కింటి కాంట్రాక్టరు, కాంట్రాక్టరు బావమరిది. దిండు వేసిన కుర్చీలో క్యాషియరు కూర్చున్నాడు. నా కుర్చీలో కాంట్రాక్టరు.

*

ఇంట్లో నా చోటు అలా పోయిందంటే, బయట నాకున్న ఒక్క చోటూ అదే వారం పోయింది.

ఇంటర్నెట్టులో సైకిల్ రేసుల మీద మాట్లాడుకునే ఫోరం ఒకటుంది. మహా ఉంటే ఓ నలభైమందిమి. ఎవరం ఎవర్నీ చూసుకోలేదు. దాన్ని పెట్టినాయన పేరు 'తుప్పు గొలుసు'. నా పేరు 'వెనక బ్రేకు'. "నేను చూశాను, నేననుకున్నాను" అని రాస్తే ఆడో మగో ఎవరికి తెలుస్తుంది? ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కొత్తగా ఎవరైనా వస్తే పద్ధతులు చెప్పి, తగాదాలొస్తే సర్దిచెప్పే పని నాకు అప్పజెప్పారు. ఒక మజిలీ అయ్యాక అక్కడ మేం రాసుకునే కబుర్లు, పొయ్యి ఆర్పేశాక కూడా వంటింట్లో మిగిలే వేడిలా ఉండేవి.

మనవాడు గెలిచిన మర్నాటికి ఫోరం సంతలా తయారైంది. వచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా లోపలికి దూసుకొచ్చారు.

"ఇవాళ అందరికన్నా ముందొచ్చినవాడికి మొదటి స్థానం ఇవ్వరేంటి? ఇదేం అన్యాయం?"

"అందరూ గుంపుగా ఎందుకు తొక్కుతారు? విడివిడిగా పోతే త్వరగా పోవచ్చుగా?"

"మనవాడి ముందు ఎప్పుడూ ఒక ముసలాడు అడ్డంగా తొక్కుతున్నాడు. వాణ్ణి తీసెయ్యమని అందరం కలిసి రాద్దాం!"

ఈ ఆఖరిది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు ముసలాడంటున్న మనిషిని మా పాతవాళ్ళం 'బిందె' అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళం. జట్టులో అందరికీ మంచినీళ్ళ సీసాలు మోసేవాడు. వెనక వచ్చే జట్టు కారు దగ్గరికి వెళ్ళడం, చొక్కా నిండా సీసాలు దోపుకోవడం, మళ్ళీ గుంపుని దాటుకుంటూ ముందుకి రావడం, వచ్చాక తన నాయకుడి ముందు నిలిచి ఎదురుగాలి తన మీద వేసుకోవడం. ఏళ్ళ తరబడి అంతే. ఒక్క మజిలీ గెలవలేదు. గెలవడం అతని పని కాదు. మా అమ్మాయి పాలు మానిన నాటినుంచి నేనా మనిషిని చూస్తున్నాను.

మొదట ఓపిగ్గానే జవాబులు రాశాను. చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి, చివరికి నా నోరూ పదునెక్కింది. 'కొత్త టైరు' అనే పేరుతో ఒకరు వచ్చి ఇలా అడిగారు: "గాలికి అడ్డం ఉంటాడంటున్నారు. గాలి కనబడదు కదండీ, మీకెలా తెలుస్తుంది?"

"ముందు నాలుగేళ్ళు చూసి రండి. తర్వాత అడుగుదురుగాని" అని కొట్టాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "నాలుగేళ్ళూ చూస్తాను. కానీ అప్పటికి మీరుంటారా ఇక్కడ?"

వెటకారమో, నిజంగానే అడిగారో తెలియలేదు. ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ వారాంతానికి తుప్పు గొలుసు నాకు విడిగా సందేశం పంపాడు. "ఈ మంద మధ్య ఊపిరాడట్లేదు. పాతవాళ్ళకి మాత్రమే అని వేరే గది కడుతున్నా. తాళం మనవాళ్ళ దగ్గరే ఉంటుంది. వచ్చెయ్ బ్రేకు."

వస్తానన్నాను. ఎందుకో వెంటనే వెళ్ళలేదు.

*

రెండో వారానికి మా ఇంటికి గోడంత టీవీ వచ్చింది. పాతదాన్ని అమ్మాయి గదిలో పెట్టారు. మధ్యాహ్నమయ్యేసరికి ముందు గదిలో జనం, గుమ్మంలో చెప్పుల గుట్ట. నేను వంటింటి తలుపుకి ఆనుకుని నిలబడి చూసేదాన్ని. నిజం చెప్పాలంటే చూసేదాన్ని కూడా కాదు. అంత గోలలో టీవీ గొంతు పెద్దదై, నా కళ్ళు మొద్దుబారిపోయేవి.

ఆ రోజు పెద్ద కొండ. మా ఆయన కుర్చీ అంచున కూర్చుని, నావైపు తిరిగి, ఓపిగ్గా వివరిస్తున్నాడు.

"ఇటు చూడవోయ్, నీకర్థమయ్యేలా చెప్తా. ఆ నారింజరంగు చొక్కా ఎవడేసుకుంటే వాడు మొదట ఉన్నట్టు. ఇప్పుడు మనవాడే. ఆ ముందు తొక్కుతున్నాడే, వాడు మనవాడికి పోటీ. చూడు, దారివ్వకుండా ఎలా చంపుతున్నాడో."

"పోటీ కాదండీ" అన్నాను. "మనవాడి జట్టే. మనవాడికి గాలి తగలకుండా కాస్తున్నాడు."

"గాలి కాయడమేంటి వదినగారూ, తోటకి కాపలా కాసినట్టు?" అన్నాడు క్యాషియరు. గదంతా గొల్లుమంది. మా ఆయన కూడా నవ్వాడు. కోపంతో కాదు, ముద్దుగానే. "మా ఆవిడకి ఊహలెక్కువ. ఆ టీ సంగతి చూడవోయ్, గొంతు ఆరిపోతోంది."

లోపలికి వెళ్ళాను. టీ కప్పుల్లో పోస్తుంటే ముందు గదిలోంచి ఆయన గొంతు వినబడింది.

"అరెరే, ఆగండాగండి! ఈ ఫోరంలో ఒకాయన రాశాడు, వినండి. 'ముందున్నవాడు శత్రువనుకోకండి. గొడుగు పట్టేవాడు ఎప్పుడూ ముందే నడవాలి. తడిసేదీ వాడే. ఆ మనిషి పక్కకి తప్పుకున్న క్షణాన మనవాడి భుజాలు చూడండి, గాలి బరువెంతో తెలుస్తుంది.' చూశారా? వాడు మన జట్టేనట! గాలి ఆపుతున్నాడట!"

"అట్లాగా!" అన్నాడు కాంట్రాక్టరు.

"తెలిసినోడు చెప్తే వేరేగా ఉంటుంది కదా" అన్నాడు క్యాషియరు. "ఎవరాయన?"

"వెనక బ్రేకట. ఎవరో రిటైరైన కోచ్ అయ్యుంటాడు. రోజూ చదువుతున్నాలే ఈయన్ని. ఒక్క మాట ఎక్కువ రాయడు, తక్కువ రాయడు."

కప్పులున్న పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మొహం వెలిగిపోతోంది. నా మాటల్ని అంత శ్రద్ధగా, అంత ఇష్టంగా ఆయన పలకడం అదే మొదటిసారి వినడం. ఇప్పుడే ఈవిడ కూడా ఇదే చెప్పింది కదా అని ఆ గదిలో ఒక్కరికీ తోచలేదు. ఆయనకీ తోచలేదు. టీ అందించాను. "చక్కెర తగ్గిందమ్మా" అన్నాడు కాంట్రాక్టరు బావమరిది.

సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసినప్పుడు చెప్పాను. అది పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నువ్వేనని చెప్పెయ్యొచ్చు కదమ్మా" అంది.

"చెప్తే?"

"చెప్తే ఏంటి? నాన్న ఎగిరి గంతేస్తాడు. ఊరంతా చాటింపేస్తాడు."

అది నిజమే. ఊరంతా చాటింపేస్తాడు. నన్ను మాత్రం ఒక్క మాటా అడగడు. "అడగనీలే, అప్పుడు చెప్తాను" అన్నాను.

"నీతో వేగలేం" అంది నా కూతురు.

*

మూడో వారం మొదట్లో మనవాడికి జ్వరం తగిలింది. ఒకరోజు తూలుతూ తొక్కాడు. మర్నాడు కొండ మధ్యలో సైకిలు దిగి, రోడ్డు పక్క రాయిమీద కూర్చుని, తల పట్టుకున్నాడు. కాసేపటికి కారెక్కించి తీసుకుపోయారు.

మా ముందు గదిలో ఒక్కొక్కరే లేచారు. "ఖర్మ" అన్నాడు క్యాషియరు, చెప్పులు వేసుకుంటూ. మర్నాడు ఎవరూ రాలేదు. మా ఆయన సెలవు రద్దు చేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

"రేసింకా ఉందండీ" అన్నాను, ఆయన బయల్దేరుతుంటే. "అసలు కొండలు మిగిలే ఉన్నాయి."

"ఎవరికోసం చూస్తామోయ్ ఇంక?" అన్నాడు.

ఫోరంలోనూ అంతే. పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది. ఆఖరి సందేశాలు మనవాడి జట్టుని, డాక్టర్లని, దేవుణ్ణి తిట్టినవి. ఆ తర్వాత ఏమీ లేవు. పాతవాళ్ళంతా తాళం వేసుకున్న గదిలోకి వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ వీళ్ళు పోతే బాగుండునని పళ్ళు నూరుకున్నదాన్ని, తీరా పోయాక, నా కుర్చీలో నేను కూర్చుని, నాకు కావలసినంత నిశ్శబ్దంలో, ఏం చెయ్యాలో తోచక చేతులు చూసుకున్నాను. మునుపటి నిశ్శబ్దం కాదది. మునుపు ఎవరూ రాలేదు. ఇప్పుడు వచ్చి వెళ్ళిపోయారు.

రేసు ముగిసే ముందు వచ్చిన కొండల మజిలీ అది. ఆదివారం. మా ఆయన భోంచేసి లోపల పడుకున్నాడు. నేను టీవీ పెట్టి గొంతు నొక్కేశాను. బయల్దేరిన కాసేపటికే ఒక మనిషి గుంపులోంచి విడివడి ముందుకి పోయాడు. నా చూపు ముందు అతని మోచేతుల్ని గుర్తుపట్టింది, తర్వాత నేను గుర్తుపట్టాను. బిందె.

కాయడానికి నాయకుడు లేడు. మొయ్యడానికి నీళ్ళు లేవు. అన్నేళ్ళలో మొదటిసారి అతను తనకోసం తొక్కుతున్నాడు.

ఎవరితోనైనా చెప్పాలనిపించి ఫోన్ తీశాను. పాతవాళ్ళ గదికే వెళ్దామనుకున్నాను. ఈలోగా పాత ఫోరంలో ఒక్క సందేశం కనబడింది. కొత్త టైరు.

"ఎవరైనా చూస్తున్నారా?"

అది వచ్చి అప్పటికే చాలాసేపైంది. ఎవరూ పలకలేదు.

"నేను చూస్తున్నాను" అని రాశాను.

"అమ్మయ్య. మా ఇంట్లో ఎవరూ చూడరు. మీరు చెప్పిన ఆయనే కదా ఇతను? గొడుగు పట్టేవాడు?"

"అతనే."

"మరి ఇప్పుడు ఇతనికి ఎవరు పడతారు?"

ఇన్నేళ్ళలో ఇంత మంచి ప్రశ్న ఆ ఫోరంలో ఎవరూ అడగలేదు, పాతవాళ్ళతో సహా. "ఎవరూ పట్టరు. అందుకే ఇది చూడాలి" అని రాశాను.

అక్కణ్ణించి మధ్యాహ్నమంతా రాస్తూనే ఉన్నాను. వెనక గుంపు ఎందుకు తొందరపడటం లేదో, లోయలోకి దిగాక చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో చూడమనీ, గాలి అలా కనబడుతుందనీ. అవతల మనిషి ప్రతిదానికీ "ఆఁ, కనబడింది" అని రాస్తూ వచ్చారు. ఆడో మగో, చిన్నో పెద్దో నేను అడగలేదు.

ఆఖరి కొండమీద బిందె భుజాలు బరువెక్కాయి. ముందు కుడిది, తర్వాత రెండూ. నాకు తెలిసిపోయింది. ఫోరంలో రాయలేదు. ముగింపు గీత కనబడుతుండగా, ఇంక అదిగో అనుకుంటుండగా, వెనకనుంచి ముగ్గురు కుర్రాళ్ళు వచ్చి అతన్ని దాటేశారు. అతను వాళ్ళ వైపు చూడను కూడా లేదు. నాలుగోవాడిగా గీత దాటి, రోడ్డు పక్క కడ్డీకి ఆనుకుని, ఎవరో అందించిన సీసా అందుకున్నాడు. తాగకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైందోయ్?"

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నిద్రమొహంతో. నా చెంపలు తడిగా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

"ఏడుస్తున్నావా? మనవాడు ఎప్పుడో పోయాడుగా. ఇంకెవరికోసం?"

"ఏం లేదండీ."

ఆయన వెళ్ళిపోలేదు. వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఏం లేకుండా ఎవరైనా ఏడుస్తారా? చెప్పు. ఎవరతను?" అన్నాడు. మెల్లగా, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఆ గొంతు నాకు కొత్త.

నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలి? పసిపిల్ల ఒళ్ళో ఉన్న మధ్యాహ్నాల దగ్గరనుంచా? వెనక బ్రేకు దగ్గరనుంచా? అన్నీ సిద్ధంగానే ఉన్నాయి, ఏళ్ళ తరబడి వరసగా సర్దిపెట్టుకున్నవే. ఆయన అడిగాడు కూడా. కానీ చెప్పాలనిపించలేదు. కోపం కాదు. ఎంత వెతుక్కున్నా కోపం కనబడలేదు. ఆ మధ్యాహ్నం చెప్పవలసిందంతా ఎవరితోనో చెప్పేశాను.

"ముందు పోతున్న ఒకాయన చివర్లో వెనకవాళ్ళకి దొరికిపోయాడు. అంతే" అన్నాను.

"పాపం" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కాసేపు కూర్చుని, "వార్తలు పెట్టనా?" అని అడిగాడు.

రిమోట్ ఇచ్చేశాను. అమ్మాయి గదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని ఫోన్ తీశాను. కొత్త టైరు అడుగుతున్నారు: "ఓడిపోయాడు కదా, మరి నాకెందుకు సంతోషంగా ఉంది?" దానికి చాలా పెద్ద జవాబు రాశాను.

తుప్పు గొలుసు గదికి నేను వెళ్ళలేదు.

*

వానలు మొదలయ్యేసరికి నా కుర్చీ అమ్మాయి గదిలోకి మారింది. ఎవరూ మార్చమనలేదు. పాత టీవీ అక్కడే ఉంది కదా, అందుకని. ముందు గది గోడంత టీవీలో మా ఆయనా, క్యాషియరూ ఇంకేదో ఆట చూస్తూ అరుస్తుంటారు. నేను తలుపు దగ్గరగా వేసుకుంటాను. మధ్యలో ఎవరో ఒకరు టీ అడుగుతారు. ఇచ్చి వస్తాను. మా మధ్య తగాదా లేదు, మాటలు తగ్గిందీ లేదు. బయటివాళ్ళెవరైనా చూస్తే అంతకుముందుకన్నా చల్లగానే ఉన్నామంటారు.

ఆ చలికాలంలో వాళ్ళ ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఇంజనీరుగారు భోజనానికి వచ్చారు. కాస్త పెద్దాయన. లోపలి గదిలో టీవీలో ఏదో పాత రేసు మళ్ళీ వేస్తుంటే చూసి, "ఎవరు చూస్తున్నారండీ సైకిల్ రేసు?" అని అడిగారు.

"మా ఆవిడేనండీ" అన్నాడు మా ఆయన. నా వైపు ప్రేమగా చూశాడు. "మొన్న వేసవిలో నేను అలవాటు చేశాను. మొదట్లో ఏమీ తెలిసేది కాదు, దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాను. ఇప్పుడు చూడండి, నేను మానేసినా తను మానలేదు!"

"నిజమేనా అమ్మా?" అన్నారు ఇంజనీరుగారు నవ్వుతూ.

"నిజమేనండీ" అన్నాను.

పెళ్ళయినప్పటినుంచి మా ఆయన ముందు నేనాడిన మొదటి అబద్ధం అదే. చాలా తేలిగ్గా వచ్చింది.